వైరా సీమలో ఇంటి కుందేలు

తెలుగునాట గృహస్థుని యింటిలో ప్రతి ప్రాణికిని ఒక స్థానము తరతరములుగా నిర్ణీతమై యున్నది. ఆవునకు కొట్టము, ఎడ్లకు గాటిపాక, కోళ్ళకు గంపయు గూడును, కుక్కకు వాకిలి, పిల్లికి పొయ్యి యొద్ద వెచ్చని చోటు ఏర్పడియుండగా, చూడి ఆవునకు ఏమి పెట్టవలెనో, కోళ్ళకు కొక్కెర తెగులు సోకిన వేళ ఏమి చేయవలెనో, ఏ కార్తెలో ఏ ప్రాణిని ఎండకు విడువరాదో చెప్పగల వృద్ధురాలు ప్రతి వాడలోను ఉండెడిది. ఈ వ్యవస్థలో చోటు దొరకని ప్రాణి యొకటి కలదు. అది నేడు ఖమ్మము జిల్లాలోని చిన్న పట్టణములలో సయితము, పిల్లలున్న యిండ్ల వసారాలలో, ఇనుప తీగల పెట్టెలో ముడుచుకొని కూర్చుండి కనబడు తెల్లని కుందేలు. ఆ ప్రాణి మన యింటికి వచ్చినది గాని, దాని వెంట రావలసిన ఆచారము రాలేదు. దాని మేత యేమో, నిద్ర యెప్పుడో, రోగమెట్టిదో, భయమెందువలననో చెప్పగల పెద్దలు మన యిండ్లలో లేరు. ఈ లోటు ఎట్లు కలిగెనో తెలిసికొనుటకు, కుందేలునకును మనకును గల సంబంధమును మొదటినుండియు తడవి చూడవలసి యున్నది.

అట్టి పట్టణములలో నొకటియైన వైరా పేరు వినగానే ఎవరికైనను మొదట స్ఫురించునది జలాశయము. మున్నేటిలో గలిసి తుదకు కృష్ణను చేరు వైరానదికి అడ్డముగా, నిజాము రాజ్యమున నవాబు అలీ నవాజ్ జంగ్ ప్రధానేంజినీరుగా నుండిన కాలమున, 1930 ప్రాంతమున వెలసిన ఆ ఆనకట్ట, అంతవరకు జొన్నయు కందియు పండించుకొనుచుండిన మెట్టభూములను వేల ఎకరముల మాగాణిగా మార్చినది. అప్పటికి ఈ సీమ వరంగల్లు జిల్లాలోనిది; ఖమ్మము ప్రత్యేకముగా జిల్లాయైనది 1953లో. కాలువల నీరు వచ్చి రైతు బ్రదుకును మార్చిన సంగతి పెద్దలు చెప్పుకొందురు గాని, ఆ నీరే అడవి కుందేలు బ్రదుకును గూడ మార్చిన సంగతి ఎవరును చెప్పుకొనరు. నీరు నిలిచిన పొలమున కుందేలు నిలువజాలదు. పొడినేలయు, పొట్టిగడ్డియు, తలదాచుకొనుటకు రేగుపొదయు దానికి ఆవశ్యకములు. కనుక మాగాణి విస్తరించిన కొలదియు అది చెలకలకును, రాతిగుట్టల అంచులకును, తూర్పున కనకగిరి అడవుల దిక్కునకును జరుగక తప్పినది కాదు.

ఆ అడవి కుందేలు పగలంతయు పొదమాటున, తన మేని ఒత్తిడివలన ఏర్పడిన చిన్న పల్లమున, చెవులు వీపునకు ఆనించి పరుండి, చీకటి పడిన పిదప పెసరచేలలోను వేరుసెనగచేలలోను లేతమొలకలు మేయుటకు బయలువెడలును. రైతు దానిని చేనికి పగగా ఎరుగును. వేటకాడు కూరగా ఎరుగును. వలలు పన్నుట, ఉచ్చులు వేయుట, వేటకుక్కలచే తరిమించుట, రాత్రివేళ వెలుగు కన్నులలో కొట్టి నిశ్చేష్టను చేసి పట్టుట మొదలైన ఉపాయములన్నియు మన పల్లెలకు తెలిసినవే. భద్రాచలపు అడవులలో కోయలు విత్తనముల పండుగ నాళ్ళలో ఊరి మగవారందరు కూడి వేటకు పోవుట ఒక వ్రతముగా పాటించెడివారు. రాజులకు వేట ఒక విద్య. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు రచించిన 'మానసోల్లాసము' మృగయను రాజవినోదములలో నొకటిగా వివరించినది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని మొండిపట్టు పట్టినవానిని గూర్చిన సామెత సయితము వేటకాని నోట పుట్టదగినదే గాని, పెంచినవాని నోట పుట్టదగినది కాదు. పెంచినవానికి దాని కాళ్ళు నాలుగనియు, వెనుక కాళ్ళతో నేలను దబ్బున కొట్టి అది తోడివారికి ఆపద తెలుపుననియు తెలిసియుండును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప అడవి కుందేలును వేటాడుటయు, పట్టి యింటనుంచుకొనుటయు నేరములైనవి.

వేటకు వెలుపల మన వాఙ్మయమునను శిల్పమునను ఈ ప్రాణికి దొరకిన పీఠము మిక్కిలి ఎత్తైనది. ఆకలిగొని వచ్చిన అతిథికి పెట్టుటకు ఏమియు లేక, తన దేహమునే అగ్నిలో వ్రేల్చి యిచ్చుటకు సిద్ధపడిన కుందేలు బోధిసత్త్వుడే యని శశజాతకము చెప్పును. ఆ త్యాగమునకు మెచ్చి ఇంద్రుడు దాని రూపమును చంద్రబింబమున శాశ్వతముగా లిఖించెనట. ఈ కథను పల్నాడు జిల్లా గోలి గ్రామపు స్తూపశిల్పములలో తెలుగు శిల్పులు సున్నపురాతిపై చెక్కిరి. మన ఖమ్మము జిల్లాలోనే నేలకొండపల్లి యొద్ద అట్టి బౌద్ధస్తూప మొకటి కలదు గనుక, ఈ కథ ఈ దారుల వెంట భిక్షువుల నోట వినబడియుండునని తలంచుట సాహసము కాదు. చిన్నయసూరి 1853లో వెలువరించిన 'నీతిచంద్రిక' మూలమున సింహమును బావిలో పడద్రోసిన బుద్ధిశాలియైన కుందేలు తెలుగు బాలురకందరకు నేస్తమాయెను. వేటకుక్కలకు ఎదురు తిరిగిన కుందేలును జూచి ఆ నేల మహిమను గుర్తించి హరిహర బుక్కరాయలు విజయనగరమును స్థాపించిరని ఐతిహ్యము. ఇన్ని గౌరవములు పొందిన ప్రాణికి మన పూర్వులు ఒక గూడైనను కట్టలేదు. అది వారి నిర్దయకు గురుతు గాదు; ఆ జంతువు స్వభావమే గూటికి లొంగనిది.

ఇక్కడ ఒక విషయము స్పష్టపరుపవలసి యున్నది. మన అడవి కుందేలు ఇంటి కుందేలునకు దాయాదియే గాని పూర్వికుడు గాదు. మన కుందేలు బొరియ త్రవ్వదు, ఒంటరిగా తిరుగును, దాని పిల్లలు పుట్టునప్పుడే వెండ్రుకలతో, తెరచిన కన్నులతో పుట్టి, కొలది సేపటికే కదలాడును. ఇంటి కుందేలు జాతి బొరియలు త్రవ్వి గుంపుగా కాపురముండును. దాని పిల్లలు రోమములు లేక, కన్నులు తెరవక, తల్లి తన రొమ్ము వెండ్రుకలను పెరికి పరచిన మెత్తని పక్కపై పుట్టును. ఒకదాని కణములలో క్రోమోసోములు 48, రెండవదాని కణములలో 44. ఈ రెండు జాతుల కలయికవలన సంతానము కలుగదు. కోతల కాలమున చేలలో దొరకిన అడవి కుందేటి కూనను జాలితో తెచ్చి గంప క్రింద పెట్టిన యిండ్లను నేనెరుగుదును. ఆవుపాలు పట్టి, అరచేతులలో వెచ్చజేసినను, అది బెదరియే ప్రాణము విడుచుట తఱచు. ఆ కూన తల్లి విడిచిపోయినది గాదు. తల్లి పగలు దూరముగా నుండి, రాత్రి వచ్చి పాలిచ్చి పోవుట వాటి జాతిధర్మము. ఆ కూనను దొరకిన చోటనే పొదలో విడిచివచ్చుట దానికి చేయదగిన మేలు.

బొరియలు త్రవ్వు ఆ రెండవ జాతికి పుట్టినిల్లు స్పెయినుదేశమును, దాని పొరుగున ఫ్రాన్సు దక్షిణభాగమును. క్రీస్తునకు పూర్వము 37వ సంవత్సరమున, ఎనుబదవ ఏట సేద్యమును గూర్చి గ్రంథము వ్రాసిన రోమక పండితుడు వర్రో, గోడలు కట్టిన తోటలలో కుందేళ్ళను పెంచు పద్ధతిని వర్ణించుచు, స్పెయిను నుండి వచ్చిన ఈ బొరియ కుందేలును ప్రత్యేకముగా పేర్కొనెను. గోడ గట్టినంత మాత్రమున నేల క్రింద త్రవ్వు ప్రాణి ఆగునా? మధ్యధరా సముద్రమందలి బాలియారిక్ ద్వీపవాసులు కుందేళ్ళ బాధ పడలేక ఆగస్టసు చక్రవర్తిని సైనికసహాయము వేడుకొనిరని ప్లీనీ వ్రాసినాడు. తరువాత నార్మనులు 12వ శతాబ్దమున దీనిని ఇంగ్లండునకు తెచ్చి, మాంసమునకును తోలునకును మట్టిదిబ్బలు పోసి ప్రభువుల ఆస్తిగా కాపాడిరి. కొన్ని శతాబ్దములు గడచునప్పటికి రంగులు మారెను, చెవులు వ్రేలాడెను, రోమము పట్టువలె పెరిగెను. 19వ శతాబ్దమున ఇంగ్లండు పట్టణములలో కార్మికుల పెరళ్ళయందు చెక్కపెట్టెలలో పెంచి, పోటీలలో బహుమానములు పొందు వ్యసనము ప్రబలెను. ఆ చెక్కపెట్టె యింటి వెలుపలనే యుండెను. దానిని దాటించి ప్రాణిని ఇంటిలోనికి, పొయ్యి ముందరి కంబళి మీదికి తెచ్చినవారిలో ఆంగ్ల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ ముఖ్యురాలు. తాను పెంచిన కుందేళ్ళ అలవాట్లను దినచర్యలో వ్రాసికొనుచు, వాటిలో ఒకదానికి మెడపట్టీ తగిలించి విహారములకు గొనిపోయిన ఆమె, 1902లో అచ్చైన చిన్నపుస్తకముతో లోకములోని బాలురందరకు కుందేలును కోటు తొడిగించి చూపినది. ఆ కోటును జూచినవారు అది ఆటవస్తువని భ్రమపడిరేమో గాని, ఆమె చిత్రములలోని కాళ్ళ కీళ్ళను, చెవుల నరములను జూచినవారికి, ఆమె ఎంత సేపు నేలమీద కూర్చుండి ఆ ప్రాణిని పరిశీలించెనో బోధపడును.

మన దేశమునకు ఈ ప్రాణి వచ్చిన దారులలో నొకటి ముచ్చటది గాదు, మందులది. 1885లో పాశ్చర్ మహాశయుడు పిచ్చికుక్క కాటునకు మందు కనిపెట్టినప్పుడు, ఆ రోగవిషమును కుందేళ్ళ వెన్నుపాములలో పెంచి, ఎండబెట్టి, బలహీనపరచి వాడెను. 1907లో నీలగిరులపై కూనూరున దక్షిణ భారతమునకు పాశ్చర్ సంస్థ ఏర్పడినప్పుడు, మందునకు మూలమైన విషమును తరతరములుగా నిలుపుకొనుటకు కుందేళ్ళు ఆవశ్యకములాయెను. ఆ కాలమున కుక్క కరచిన తెలుగు పల్లీయునికి ప్రాణము దక్కవలెనన్న కూనూరు పోవుటయే శరణ్యము. అతడు పేరైనను వినని ఒక పరదేశపు ప్రాణి, ఒక తీగల పంజరమున కూర్చుండి, అతని ప్రాణమునకు తన ప్రాణము నిచ్చినది. శశజాతకమునకు ఇంతకన్న సమీపమైన సంఘటన చరిత్రలో నాకు కనబడుటలేదు. ఆ జాతకములోని కుందేలు ఇష్టపడి యిచ్చెను, ఇది యెవరును అడుగకయే యిచ్చెను, అంతియే భేదము. ఆ పాశ్చర్ సంస్థలోనే ఒక్క గదిలో 1918లో మెకారిసన్ దొర ప్రారంభించిన పోషకాహార పరిశోధన కాలక్రమమున పెరిగి, జాతీయ పోషకాహార సంస్థకు మూలమై, 1958లో హైదరాబాదు తార్నాకకు తరలివచ్చెను. ప్రయోగశాలల జంతువులను సాకి, దేశమందలి పరిశోధనాలయములకు పంపు కేంద్రము 1976లో ఆ ఆవరణముననే నెలకొనెను. ఎఱ్ఱని కన్నుల తెల్లకుందేలు తెలుగు రాజధానిలో ఇట్లు శాస్త్రసేవకై వసించెను.

రెండవ దారి ఉన్నిది, మాంసముది. రాజస్థానములోని అవికానగరున 1962లో స్థాపితమైన కేంద్ర గొఱ్ఱెల, ఉన్ని పరిశోధన సంస్థ, హిమాచల ప్రదేశమున గార్సా యొద్ద అంగోరా కుందేళ్ళను ఉన్నికై పెంచుచు, దక్షిణమున కొడైకానల్ కొండలలోని మన్నవనూరు కేంద్రమున మాంసపు జాతులను వృద్ధిపరచినది. న్యూజీలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, వైట్ జెయింట్, గ్రే జెయింట్ అను పేర్లు ఈ మూలముననే మన రైతుల చెవిని బడినవి. చల్లని కొండలకు సరిపడిన ఆ వృత్తిని వేడినేలలకు దింపినవారు వ్యాపారులు. ఏడు ఆడవి, మూడు మగవి కలిపి ఒక యూనిట్టని విక్రయించి, పుట్టిన పిల్లలనన్నిటిని తామే తిరిగి కొందుమని మాట యిచ్చు పథకములు తెలుగు జిల్లాలలోను తిరిగినవి. కుందేలు ముప్పది యొక్క దినములకు ఈనును. ఒక్క కాన్పున ఆరేడు పిల్లలు పుట్టుట సామాన్యము. కనుక కాగితముపై వేసిన లెక్క మిక్కిలి అందముగా కనబడును. కొనువాడు రాని నాడు ఆ పిల్లలను మేపజాలక, ఏమి చేయుటకును తోచక, అడిగిన పిల్లవాని చేతబెట్టి పంపిన రైతులు కలరు. హైదరాబాదు పాతబస్తీలో మహబూబ్ చౌకు నానుకొనియున్న మురగీ చౌకు వంటి బజారులలో కోళ్ళ, పావురముల నడుమ అమ్ముడైనవియు అట్లే చేతులు మారి జిల్లాలకు చేరినవి. ఇంటి కుందేలు వైరా వంటి ఊళ్ళకు చేరిన త్రోవ ఇట్టిది: ఏ తరమునను దానిని కోరి, నేర్చుకొని, తెచ్చుకొన్నవారు తక్కువ, చేతికి వచ్చినది గనుక ఉంచుకొన్నవారు ఎక్కువ.

వచ్చిన దానిని ఎక్కడ పెట్టవలెను? చెవులు పొడవైన ఈ ప్రాణికి మనవారు తమకు తెలిసిన గూళ్ళలో రెంటిని చూపిరి. ఒకటి కోళ్ళ గంప. రెండవది ప్రయోగశాలనుండియు మాంసపు ఫారముల నుండియు వచ్చిన తీగల పంజరము. ఇంచుమించు రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల ఆ పంజరపు అడుగుభాగము గూడ తీగయే యగుటకు కారణము, పెంటికలు క్రిందికి జారి పనివానికి శ్రమ తగ్గుట. కుందేటి సుఖముతో దానికి నిమిత్తము లేదు. కుక్కకును పిల్లికిని ఉన్నట్లు కుందేటి పాదములకు మెత్తని తోలు దిండ్లు లేవు. వెండ్రుకలే దాని చెప్పులు. రాత్రింబగళ్ళు తీగపై కూర్చున్న ప్రాణికి మడమలు ఒరసి పుండ్లు పడును. తెచ్చిన ఏడాదిలోపల అనేక కుందేళ్ళు చనిపోవుటకు "దిష్టి తగిలినది" అనియు, "అచ్చిరాలేదు" అనియు చెప్పుకొను మాటలను విన్నప్పుడెల్ల నాకు కలుగు దుఃఖము కొంచెము కాదు. సక్రమముగా చూచుకొన్న ఇంటి కుందేలు ఎనిమిది మొదలు పండ్రెండేండ్ల వరకు జీవించును.

పంజరమును మాన్పించి ఇల్లే దాని నివాసము కావలెనను ఉద్యమము మిక్కిలి ఇటీవలిది. 1985లో కాలిఫోర్నియాలో మారినెల్ హారిమన్ అను ఆమె ఇంటి కుందేళ్ళను గూర్చి ఒక చేతిపుస్తకము వ్రాసి, 1988లో కొందరు మిత్రులతో ఒక సంఘమును స్థాపించిన నాటినుండి, కుందేలు పిల్లివలె ఇంటిలో స్వేచ్ఛగా తిరుగదగినదనియు, ఒక మూలలోనే మలమూత్రములు విడుచు శిక్షణను సులభముగా గ్రహించుననియు లోకమునకు తెలిసినది. బ్రిటనులోని కుందేళ్ళ శ్రేయోభిలాషులు రెండు కుందేళ్ళకు మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఒక మీటరు ఎత్తు గల చోటు నిరంతరము ఉండవలెనని చెప్పుచున్నారు. ఈ కొలత విని బెదరనక్కరలేదు. మన వసారాలో ఒక మూలను వెదురు తడికతో వేరుచేసినచో ఈ కొలత సులువుగా కుదురును. తడిక ఎత్తు నడుము దాక యుండవలెను. అది వెదురును కొరకును గాని వెదురు వలన హాని లేదు, కొరుకుట దానికి వ్యాయామము. విద్యుత్తు తీగలు మాత్రము దాని నోటికి అందరాదు. మన షాబాదు బండల నేల వేసవిలో చల్లగా నుండి మేలు చేయును గాని, నునుపు చేత దాని కాళ్ళు జారి తుంటి కీళ్ళు చెడును. బండలపై ఒక గోనెపట్టాయో పాత చాపయో పరచి, సగము నేలను బోసిగా విడిచినచో, వేడిమికి బండను, నడకకు గోనెను అదియే యెన్నుకొనును. తలదాచుకొనుటకు ఒక చీకటి చోటు ఆవశ్యకము. అంచు విరిగిన పెద్దకుండను ప్రక్కకు దొర్లించి పెట్టుట కన్న చక్కని బొరియ నేను చూడలేదు. అది విసర్జనకు ఎన్నుకొన్న మూలలో లోతు తక్కువ తట్ట నొకటి యుంచి, అడుగున పాత వార్తాపత్రికలును పైన వరిగడ్డియు వేసి, దాని యొద్దనే మేతగడ్డి పెట్టినచో, మేయుచు విసర్జించుట దాని అలవాటు గనుక, ఇల్లంతయు శుభ్రముగా నుండును. రంపపు పొట్టు వేయరాదు. దాని ధూళి శ్వాసకు చెరుపు. ఆ పెంటికలు కుళ్ళబెట్టు పనిలేకయే మల్లెపాదునకు వేయదగిన ఎరువు. రాత్రి చీమలు పట్టకుండ మేత పళ్ళెమును నీళ్ళ పళ్ళెరమున నుంచు పద్ధతి మన వంటింటి స్త్రీలకు ఒకరు నేర్పనక్కరలేదు.

మేతను గూర్చి మన యిండ్లలో జరుగు పొరపాటు అన్నిటికంటె పెద్దది. కుందేలనగానే గాజరగడ్డ అని బొమ్మల పుస్తకములు మన పిల్లలకు నేర్పినవి. గాజరగడ్డలో చక్కెర మెండు. వారమునకు రెండు మూడు మార్లు చిన్నముక్క చాలును. అన్నము, మరమరాలు, రొట్టె, బిస్కట్టు పెట్టువారు ప్రేమచేతనే పెట్టుచున్నారు గాని, ఆ ప్రేమ దాని కడుపును బిగబట్టును. దాని ఆహారములో నూటికి ఎనుబది పాళ్ళు గడ్డియే కావలెను. దాని దంతములు చనిపోవు వరకు పెరుగుచునే యుండును. గరుకైన గడ్డి గంటలకొలది నమిలిననే అవి అరుగును, లేనిచో పెరిగి చిగుళ్ళను, నాలుకను పొడుచును. కుందేలు వాంతి చేసికొనజాలదు. దాని ప్రేగులు ఆగక కదలుచుండవలెను. ఒక పూట మేత ముట్టలేదన్న అది రోగముయొక్క ప్రథమచిహ్నమని గ్రహించి, రేపు చూతమనక వైద్యుని యొద్దకు పోవలెను. తెల్లవారుజామున అది తన శరీరము నుండి వెలువడు మెత్తని గుళికలను తానే తినుట జూచి అసహ్యించుకొని గదమాయించువారు కలరు. ఒకసారి పులిసిన ఆ ఆహారమునుండి జీవసత్త్వములను రెండవసారి గ్రహించుట దాని జీర్ణక్రమములోని భాగము. ఆవు నెమరువేయుటను తప్పుపట్టనివారు దీనిని తప్పుపట్టరాదు.

వైరా కాలువల గట్లపై గరికకు కొదువ లేదు. కాని ఇక్కడనే ఈ సీమకు ప్రత్యేకమైన హెచ్చరిక అవసరము. ఖమ్మము మిరపకు ప్రసిద్ధి; పత్తియు విస్తారము; రెండు పైరులకును పురుగుమందులు మెండుగా చల్లుదురు. మిరపచేని గట్టుమీద కోసిన గరిక ఎంత పచ్చగా నున్నను కుందేటికి విషమే. మందు చల్లని పెరటిలోనో, ఊరి బయట బీటిలోనో కోయవలెను. రెండవది సుబాబులు. సారపాక కాగితపు మిల్లునకై మన జిల్లాలో ఆ చెట్టును విరివిగా నాటినారు. మేకలు ఇష్టముగా తినుటజూచి ఆ ఆకును కుందేటికి వేయువారు కలరు. దానిలోని మిమోసిన్ అను పదార్థము మేక కడుపులో కొంతవరకు విరుగును గాని, కుందేటిని బోసిచేయును, బొచ్చు గుత్తులు గుత్తులుగా రాలిపోవును. ఉమ్మెత్త, గన్నేరు, టమాటా ఆకులు పనికిరావు. మునగాకు, తోటకూర, కొత్తిమీర, అవిసె ఆకు, దశరథ గడ్డి, వేరుసెనగ కట్టె ఇవి మితముగా మేలైనవి. వరిగడ్డిలో సారము తక్కువ గనుక అది పక్కకు తగును గాని మేతకు చాలదు.

వేసవి మాటయొకటి విస్తరించి చెప్పక తప్పదు. ఇరువది డిగ్రీల లోపున హాయిగా నుండు ప్రాణి ఇది. దానికి చెమట పట్టదు. దేహములోని వేడిమి ముఖ్యముగా చెవుల రక్తనాళముల మూలమున వెలికి పోవలెను. మనదో, కొత్తగూడెపు బొగ్గుగనులకును భద్రాచలపు ఇసుకతిన్నెలకును పొరుగున నున్న సీమ; వైశాఖ జ్యేష్ఠములలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల వరకు పోవుట మనకు క్రొత్త గాదు. పూర్వపు పెంకుటిండ్లు, మట్టిగోడలు ఈ ప్రాణిని కాపాడగలిగెడివి. నేటి రేకుల వసారా దానికి కొలిమి. చైత్రము గడచునప్పటికి దానిని వసారానుండి ఇంటి నడిగదికి మార్చవలెను. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి తడుపుట మన పాత సంపన్న గృహముల పద్ధతి. తడిగోనె కట్టుట అందరికిని సాధ్యము. మట్టిమూకుడులో నీరు రోజునకు రెండుమార్లు మార్చవలెను. తడిగుడ్డతో చెవులను మెల్లగా అద్దవలెను. చన్నీళ్ళలో ముంచుట మాత్రము ప్రాణాంతకము, ఆ ఘాతమునకే గుండె ఆగును. నోరు తెరచి రొప్పుచున్నను, చెవులు ఎఱ్ఱబారి ప్రక్కకు వ్రాలినను, ఆలస్యమునకు తావు లేదు.

వైద్యము విషయమున మన పశువైద్యులకు ఆవు, గేదె, మేక, కోడి ఇవి నిత్యపరిచితములు. కుందేలు అట్టిది గాదు. ఇంటిలో మిగిలిన అమాక్సిసిలిన్ గొట్టపు మాత్రను విప్పి నోట పోయుట మన ఊళ్ళలో సర్వసాధారణముగా జరుగు పొరపాటు. ఆ మందు నోటి ద్వారా పడినచో కుందేటి ప్రేగులలోని మేలు చేయు సూక్ష్మజీవులు నశించి, కొలది దినములలో అది చచ్చిపోవుట కలదు. చెవులలోను ముక్కుపైనను గజ్జి పట్టుట వానకాలమున సామాన్యము. దానికి వైద్యుడు తూకము చూచి ఇచ్చు ఐవర్మెక్టిన్ గుణమిచ్చును గాని, కుక్కల గోమారులకు వాడు ఫిప్రోనిల్ దీనికి విషము. ఆడ కుందేటికి నాలుగేండ్లు దాటిన పిదప గర్భాశయమున రాచపుండు పుట్టుట మిక్కిలి తఱచు. ముందుగా గర్భసంచి తీయించినచో ఆ భయము తొలగును, జంటగా నున్నను సంతానము ఎడతెగక పెరుగదు. శస్త్రచికిత్సకు ముందు కుక్కను పస్తుంచినట్లు దీనిని పస్తుంచరాదు. పెంపుడు జంతువుల దుకాణములకు కేంద్రప్రభుత్వము 2018లో నియమములు చేసినది. అవి అమ్మువానిని కొంతవరకు కట్టడి చేయును గాని, కొన్నవానికి ఈ సంగతులు చెప్పువారు కావలెను. రైతులకు సేద్యపు మెలకువలు నేర్పు కృషి విజ్ఞాన కేంద్రము వైరాలోనే యున్నది. అట్టి చోటనుండి నాలుగు పుటల తెలుగు కరపత్ర మొకటి వెలువడినచో, వృద్ధురాలి స్థానమున అదియే నిలుచును.

ఎత్తుకొనుట పిల్లలకు సరదా, కుందేటికి భయము. నేలనుండి పైకి లేపబడుట డేగ చేత పడుటయని దాని రక్తము తలచును. కాళ్ళు విదిల్చి గింజుకొన్నప్పుడు దాని వెన్నెముక విరుగుట కలదు, చెవులు పట్టి లేపుట అన్నిటికంటె క్రూరము. కనుక పిల్లలే నేలమీద కూర్చుండి, అది తనంతట దగ్గరకు వచ్చువరకు వేచియుండ నేర్వవలెను. ఎత్తక తప్పనప్పుడు ఒక చేయి రొమ్ము క్రిందను, ఒక చేయి పిరుదుల క్రిందను ఉంచి, పొట్టకు హత్తుకొనవలెను. ఒంటరిగా నుంచుట దానికి శిక్ష. శస్త్రచికిత్స అయిన జంట ఒకదాని నొసలు ఒకటి నాకుచు గంటలకొలది పరుండును.

చివరగా గడ్డి సంగతి. వానకాలమున కోసిన గరిక ఆరకముందే బూజు పట్టును, అట్టిది పెట్టరాదు. మార్గశిర పుష్యములలో మంచు ఆరిన పిదప, పూత పట్టుచున్న గరికను కోసి, నేరు ఎండలో గాక వసారా నీడలో రెండు మూడు దినములు తిరుగవేయుచు ఆరబెట్టినచో, ఆకుపచ్చదనమును వాసనయు చెడక నిలుచును. దానిని గాలి యాడు గోనెసంచులలో నింపి, అటకపై, తేమయు ఎలుకలును తగులని చోట నిలువచేసినచో, ఫాల్గుణమున కాలువ ఎండి గట్లు పండుబారిన నాటినుండి తొలకరి వరకు ఒక జంటకు మేత వెదుకనక్కర యుండదు.